ఫైబర్ బోటు అడుగు పగిలింది: పాలిస్టరా, వినైల్ ఎస్టరా, ఎపాక్సీయా?

ఉప్పాడ_అల | ఏప్రిల్ 24, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడం చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదలు. మాది ఉప్పాడ. నాన్నది 28 అడుగుల ఫైబర్ బోటు. చేపల వేట నిషేధం మొదలయ్యే ముందు వారం ఒడ్డుకి వస్తుంటే అల అడ్డంగా తోసి గోడ రాళ్ల మీద పడేసింది. (మా బీచ్ రోడ్డు చూసినవాళ్లకి ఆ రాళ్లు తెలుసు. ఒడ్డు కోసుకుపోకుండా వేసిన రాళ్లు మా బోట్లని కోస్తున్నాయి.) అడుగున ఎడమ పక్క బొక్క పడింది, సుమారు 20 సెంటీమీటర్ల పొడవు, 15 వెడల్పు. పగిలిన అంచు దగ్గర కొలిస్తే మందం 8 మిల్లీమీటర్లు ఉంది. అదొకటి, ఇంకొకటి వెనక ఇంజన్ బిగించే చెక్క మెత్తబడినట్టుంది, బోల్టులు బిగిస్తుంటే లోపలికి దిగుతున్నాయి.

కాకినాడలో రెండు షాపులకి వెళ్లాను. ఒకాయన మామూలు పాలిస్టర్ రెసిన్ (గాజు పోగులకి పట్టిస్తే గట్టిపడే జిగురు) చాలన్నాడు. రెండో ఆయన వినైల్ ఎస్టర్ తప్ప ఇంకేది వేసినా సముద్రంలో నిలవదన్నాడు. మా బావ ఎపాక్సీ అంటాడు, ఎందుకయ్యా అంటే "అది గట్టిది" అంటాడు. జూన్ 14 వరకు టైముంది. డబ్బు మరీ లేదు అని కాదు గాని రెండుసార్లు చేయించే ఓపిక లేదు. ఏది వాడాలి?

భీమిలి_మేస్త్రి | ఏప్రిల్ 24, రాత్రి 10:25

తమ్ముడూ, ఆ బోటు కట్టినప్పుడు దేనితో కట్టారో అదే వెయ్యి. మన ఒడ్డు మీద ఉన్న ఫైబర్ బోట్లు నూటికి తొంభై తొమ్మిది పాలిస్టర్‌తో కట్టినవే. 2004 సునామీ తర్వాత వరసగా వచ్చిన బోట్లన్నీ అవే, నేను పని నేర్చుకుంది కూడా ఆ బోట్ల మీదే. 450 మ్యాట్ (చదరపు మీటరుకి 450 గ్రాముల గాజు పోగుల చాప), మధ్యలో 610 రోవింగ్ (610 గ్రాముల నేసిన గాజు బట్ట), ఐసో రకం పాలిస్టర్ రెసిన్. రెండు రోజుల పని. రెసిన్ గురించి ఎక్కువ ఆలోచించకు, గ్రైండింగ్ గురించి ఆలోచించు. నా దగ్గరకి ఊడిపోయి వచ్చిన ప్యాచ్‌లలో రెసిన్ తప్పు ఉన్నవి చాలా తక్కువ, కింద సరిగ్గా గీకకుండా వేసినవే అన్నీ.

లేక్_డాలస్ | ఏప్రిల్ 25, ఉదయం 6:10

మేస్త్రి గారితో గౌరవంగా విభేదిస్తున్నాను. పాత పాలిస్టర్ గట్టిపడిపోయాక దాని మీద కొత్త పాలిస్టర్ వేస్తే అది రసాయనికంగా కలవదు, అంటుకుని ఉంటుంది అంతే. అంటుకునే పనిలో ఎపాక్సీని మించింది లేదు. కుంచించుకుపోవడం కూడా పాలిస్టర్‌లో ఎక్కువ, ఘనపరిమాణంలో 5 నుంచి 8 శాతం దాకా పోతుంది, ఎపాక్సీలో అంతకంటే చాలా తక్కువ. నాకు 1980లలో తయారైన చిన్న ఫిషింగ్ బోటు ఒకటుంది, ఇక్కడ అమెరికాలో డాలస్ దగ్గర లూయిస్‌విల్ లేక్‌లో తిప్పుతాను. అడుగు మొత్తం ఎపాక్సీతోనే బాగుచేశాను. ఆరేళ్లయింది, చుక్క నీరు రాలేదు.

బందరు_బోటు | ఏప్రిల్ 25, ఉదయం 7:45

లేకులో ఆదివారం తిరిగే బోటు వేరు సార్, రోజూ ఇసుక మీద ఈడ్చే బోటు వేరు. ఎపాక్సీ ప్యాచ్ బాగానే ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ వచ్చే ఏడు దాని పక్కనే ఇంకో దెబ్బ తగులుతుంది. అప్పుడు ఊళ్లో మేస్త్రి వచ్చి ఎపాక్సీ అని తెలియక దాని మీద పాలిస్టర్ వేస్తాడు. అది మాత్రం నిలవదు. మా మావయ్య బోటుకి ఇదే జరిగింది. పైన వేసిన మ్యాట్ మొత్తం అప్పడంలా లేచి వచ్చింది, నడి వేటలో.

లేక్_డాలస్ | ఏప్రిల్ 25, ఉదయం 8:02

అది మాత్రం నిజం. పాలిస్టర్ మీద ఎపాక్సీ పట్టుకుంటుంది, ఎపాక్సీ మీద పాలిస్టర్ నమ్మకంగా పట్టుకోదు. నేను కూడా ఒకసారి దెబ్బ తిన్నాను, ఎపాక్సీ ప్యాచ్ మీద మామూలు జెల్‌కోట్ (బోటుకి పైన ఉండే నున్నటి రంగు పూత, పాలిస్టర్‌దే) కొట్టాను, రంగు కలిసింది కదా అని సంబరపడ్డాను, ఒక సీజన్ తిరిగేసరికి పెచ్చులు. ఇప్పుడు దాని మీద రెండు భాగాల పాలీయురెథేన్ పెయింట్ వేస్తున్నాను. ఎపాక్సీ ఎండకి సుద్దలా అయిపోతుంది కాబట్టి ఏదో ఒక పెయింట్ తప్పదు.

కాకినాడ_కెమిస్ట్రీ | ఏప్రిల్ 25, రాత్రి 8:30

పరీక్ష పేపర్లు దిద్దుతూ ఇది చూశాను, ఇక పేపర్లు రేపటికే.

ముందు ఈ మూడింటి తేడా ఏమిటో వంటింటి భాషలో చెప్తాను. పాలిస్టర్, వినైల్ ఎస్టర్ రెండూ స్టైరీన్‌లో కరిగి ఉంటాయి, ఆ ఘాటు వాసన దానిదే. వీటికి మనం కలిపే కాటలిస్ట్ పాలలో తోడు లాంటిది. తోడు కొంచెం ఎక్కువైతే పెరుగు త్వరగా తోడుకుంటుంది, తక్కువైతే ఆలస్యం. అందుకే 1 నుంచి 2 శాతం మధ్య ఎండని బట్టి మార్చుకోవచ్చు. ఎపాక్సీ అలా కాదు. అందులో కలిపే హార్డనర్ (గట్టిపరిచే రెండో ద్రవం) తోడు కాదు, సరుకులో భాగం. గొళ్లేనికి కొండీ ఎలాగో రెసిన్‌కి హార్డనర్ అలా, లెక్కకి లెక్క ఉండాలి. త్వరగా గట్టిపడుతుందని ఎక్కువ పోస్తే జంట దొరకని హార్డనర్ లోపలే మిగిలిపోయి ప్యాచ్ జిగురుగా, మెత్తగా ఉండిపోతుంది. మన దగ్గర ఎక్కువగా దొరికే ఎల్‌వై 556 రెసిన్‌కి హెచ్‌వై 951 హార్డనర్ బరువులో 100కి 10 నుంచి 12. కంటి అంచనాతో కాదు, కాటా మీద.

ఇక పాలిస్టర్‌లో మళ్లీ రెండు. షాపుల్లో జీపీ (జనరల్ పర్పస్) అని ఇచ్చేది ఆర్థో రకం, రేకులకి, గార్డెన్ కుండీలకి సరిపోతుంది. బోటుకి ఐసో రకం కావాలి, అది నీటిని ఎక్కువకాలం ఆపుతుంది, కాస్త సాగుతుంది కూడా. డబ్బాలో చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, అదే చిక్కు. లేబుల్ చూడండి, డేటా షీట్ అడగండి. తయారీ తేదీ కూడా చూడండి, పాలిస్టర్ చల్లని చోట ఉంచితే సుమారు ఆరు నెలలు నిలవ ఉంటుంది, రేకుల షెడ్డులో ఎండకి పెడితే అంత కూడా ఉండదు.

ఉప్పాడ_అల | ఏప్రిల్ 25, రాత్రి 9:15

తోడు సంగతి మా అమ్మకి చదివి వినిపించాను, "ఆ మాస్టారు ఎవరో గాని బాగా చెప్పారు" అంది 😀

అయితే మొదటి షాపాయన మామూలుది చాలన్నది ఆర్థో గురించేనన్నమాట. రెండో ఆయన చెప్పిన వినైల్ ఎస్టర్ సంగతేంటి మరి?

షార్జా_యార్డ్ | ఏప్రిల్ 25, రాత్రి 11:50

నేను పదకొండేళ్లు గల్ఫ్‌లో బోట్ల యార్డులో చేశాను, పాలకొల్లు మాది. ముప్పై మందిలో మేం ఎనిమిది మంది తెలుగువాళ్లం.

వినైల్ ఎస్టర్ చాలా మంచి సరుకు. పాలిస్టర్ లాగే పని చేస్తుంది గాని గుణంలో ఎపాక్సీకి దగ్గరగా ఉంటుంది. మామూలు పాలిస్టర్ 2 శాతం సాగేసరికి పగిలితే ఇది 4, 5 శాతం దాకా ఓర్చుకుంటుంది, అంటే రాయి తగిలినప్పుడు తేడా తెలుస్తుంది. మ్యాట్‌ని కూడా బాగా తడుపుతుంది. దాని మీద రేపు పాలిస్టర్ జెల్‌కోట్ కొట్టినా పట్టుకుంటుంది, బందరు అన్న చెప్పిన ఇబ్బంది దీనికి లేదు.

కానీ రెండు విషయాలు. ఒకటి, నిలవ ఉండదు, మూడు నుంచి ఆరు నెలలు, వేడికి ఇంకా తక్కువ. నీ షాపాయన దగ్గర అది ఎప్పటి నుంచి ఉందో అడుగు. రెండు, మామూలు కాటలిస్ట్‌తో కొన్ని వినైల్ ఎస్టర్‌లు నురగ కక్కుతాయి, సోడా కొట్టినట్టు. ఆ నురగ తగ్గేదాకా ఆగాలి, లేకపోతే బుడగలన్నీ లోపల బంధించేస్తావు. దానికి వేరే కాటలిస్ట్ ఉంటుంది, అది మన ఊళ్లలో దొరకడం కష్టం. కొన్నిటికి కోబాల్ట్ (రెసిన్ త్వరగా గట్టిపడేలా చేసే మందు)తో పాటు ఇంకో మందు కూడా కావాలి. షాపాయన ఇవన్నీ కలిపి ఇస్తానంటే తీసుకో, డబ్బా చేతిలో పెట్టి పంపితే మాత్రం వద్దు.

భీమిలి_మేస్త్రి | ఏప్రిల్ 26, ఉదయం 6:30

కోబాల్ట్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, కొత్తగా చేసేవాళ్లు అందరూ చదవండి. కోబాల్ట్, కాటలిస్ట్ ఈ రెండింటినీ నేరుగా ఒకదానిలో ఒకటి పోయకూడదు. భగ్గుమంటుంది, పేలుతుంది. ముందు రెసిన్‌లో కోబాల్ట్ వేసి బాగా కలపాలి, ఆ తర్వాతే కాటలిస్ట్. రెండు సీసాలూ పక్కపక్కన కూడా పెట్టను నేను. ఈ మధ్య కోబాల్ట్ ముందే కలిపిన రెసిన్ వస్తోంది, కొంచెం గులాబీ రంగు తిరిగి ఉంటుంది, కొత్తవాళ్లకి అదే మంచిది, అడిగి కొనండి. కాటలిస్ట్ కంట్లో పడితే చూపు పోతుంది, కళ్లజోడు పెట్టుకోండి. చుక్క పడ్డా వెంటనే నీళ్లతో కడుగుతూనే ఆస్పత్రికి పోవాలి.

కొత్త_సభ్యుడు_77 | ఏప్రిల్ 26, ఉదయం 9:05

మా మేడ మీద ప్లాస్టిక్ ట్యాంకు పగిలింది, దానికి ఈ రెసిన్ వేయొచ్చా?

కాకినాడ_కెమిస్ట్రీ | ఏప్రిల్ 26, ఉదయం 9:20

అది పాలిథీన్ అండి, ఈ మూడింట్లో ఏదీ పట్టుకోదు. పైగా తాగే నీళ్లు. కొత్తది కొనుక్కోండి.

బందరు_బోటు | ఏప్రిల్ 26, ఉదయం 11:00

అసలు ప్రశ్న ఒకటి ఎవరూ అడగలేదు. బోటు రోజూ నీళ్లలోనే ఉంటుందా, ఒడ్డుకి లాగుతారా? హార్బర్‌లో ఏడాది పొడవునా నీళ్లలో కట్టేసి ఉండే బోటుకి అడుగున పొక్కులు వస్తాయి. గుచ్చితే వెనిగర్ వాసన వేసే నీరు కారుతుంది. నీరు నెమ్మదిగా లోపలికి ఇంకి రెసిన్‌ని విరగ్గొట్టడం వల్ల వచ్చేది అది. అలాంటి వాటికి వినైల్ ఎస్టర్ గాని, పైన ఎపాక్సీ పూత గాని పెట్టిన డబ్బుకి ఫలితం ఇస్తాయి. విశాఖ హార్బర్‌లో ఉండేవాళ్లు ఆ ఖర్చు పెట్టుకోవచ్చు. ఉప్పాడలో రోజూ ఇసుక మీదకి లాగేస్తారు, ఎండకి ఆరిపోతుంది, పొక్కుల సమస్య దాదాపు ఉండదు. మన బోట్లని చంపేది నీరు కాదు, ఇసుక రాపిడి, దెబ్బలు.

షార్జా_యార్డ్ | ఏప్రిల్ 26, మధ్యాహ్నం 1:10

దెబ్బలంటే అదే కదా నేను చెప్పింది, సాగే గుణం. వినైల్ ఎస్టర్ వాడితే రాళ్ల మీద పడ్డా కొంచెం ఓర్చుకుంటుంది.

భీమిలి_మేస్త్రి | ఏప్రిల్ 26, మధ్యాహ్నం 2:40

బాబూ, బోటు మొత్తం పాలిస్టర్‌తో ఉంది. నువ్వు అరచేతి రెండింతల చోట వినైల్ ఎస్టర్ వేస్తే తర్వాతి రాయి ఆ ప్యాచ్‌నే వెతుక్కుంటూ వస్తుందా? పక్కన పడుతుంది. కొత్త బోటు కట్టేటప్పుడు నువ్వు చెప్పింది నూరు శాతం నిజం, బయటి రెండు పొరలు వినైల్ ఎస్టర్‌తో వేయించమని నేనే చెప్తాను. ప్యాచ్‌కి అనవసరం. ఆ డబ్బుతో అడుగు మధ్య గట్టు మీద రోవింగ్ ఒక పొర అదనంగా వేయించుకో, ఇసుకకి అరిగేది అదే. అది అరిగిపోతే మళ్లీ వేసుకుంటాం, చెప్పులకి అట్ట మార్చినట్టు.

షార్జా_యార్డ్ | ఏప్రిల్ 26, మధ్యాహ్నం 3:00

హహ. రాయి మాట నిజమే. ఒప్పుకున్నా.

కాకినాడ_కెమిస్ట్రీ | ఏప్రిల్ 26, రాత్రి 9:00

డబ్బు లెక్క కూడా వేసి చూద్దాం, ఎందుకంటే జనం రెసిన్ రేటు చూసి భయపడతారు గాని ఎంత పడుతుందో చూడరు. మందం 8 మిల్లీమీటర్లు. అంచులు ఏటవాలుగా గీకడానికి 1కి 12 లెక్కన (మందానికి పన్నెండు రెట్లు) చుట్టూ దాదాపు 10 సెంటీమీటర్లు. అంటే పైపొర 40కి 35 సెంటీమీటర్లు. 450 గ్రాముల మ్యాట్ ఒక్కో పొర సుమారు 1 మిల్లీమీటర్ మందం ఇస్తుంది, కాబట్టి ఎనిమిది పొరలు. చిన్నవీ పెద్దవీ అన్నీ కలిపితే మ్యాట్ 300 గ్రాములు. మ్యాట్ తన బరువుకి రెండున్నర రెట్ల రెసిన్ తాగుతుంది, అంటే 750 గ్రాములు. బ్రష్‌లో, మగ్గులో పోయేది కలిపినా కిలోంబావు.

అదీ సంగతి. ఎపాక్సీ రేటు ఐసో కంటే మూడు నాలుగు రెట్లు ఉన్నా ఈ బొక్క వరకు తేడా కొన్ని వందల రూపాయలే, ఒక రోజు డీజిల్ కూడా కాదు. కాబట్టి రేటు చూసి తేల్చుకోకండి. తర్వాత దీని మీద ఎవరు పని చేస్తారు, ఏ బట్ట దొరుకుతుంది అన్నవి చూసి తేల్చుకోండి. ఎందుకంటే మామూలు మ్యాట్‌లో పోగుల్ని కలిపి ఉంచే బైండర్ స్టైరీన్‌లో కరుగుతుంది, ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు. మ్యాట్‌కి ఎపాక్సీ పూస్తే అది మెత్తబడదు, వంపుల్లో కూర్చోదు, అట్టముక్కలా లేచి నిలబడుతుంది. ఎపాక్సీ కావాలంటే నేసిన గుడ్డ గాని కుట్టిన గుడ్డ గాని కొనాలి.

లేక్_డాలస్ | ఏప్రిల్ 27, ఉదయం 5:40

సరే, ఈ లెక్క తర్వాత నేను కూడా బొక్క వరకు ఐసో అంటాను. కానీ వెనక చెక్క మాత్రం ఎపాక్సీయే, అందులో రాజీ లేదు. చెక్కకి పాలిస్టర్ నమ్మకంగా పట్టదు, కొన్నాళ్లకి చెక్క నీరు పీల్చి ఉబ్బుతుంది, పైన ఫైబర్ విడిపోతుంది. స్క్రూడ్రైవర్ పిడితో కొట్టి చూడండి. టక్ టక్ మంటే బాగున్నట్టు, డబ్ డబ్ మని బోలుగా వినిపిస్తే లోపల కుళ్లిపోయింది. చాలాసార్లు కారణం ఒకటే, ఇంజన్ బోల్టుల కోసం బొక్కలు పెట్టి వాటి లోపలి గోడలకి ఏమీ పూయకుండా వదిలేస్తారు.

ఉప్పాడ_అల | ఏప్రిల్ 29, సాయంత్రం 6:20

అప్‌డేట్. నిన్న ఇరవై మందిమి కలిసి బోటుని పక్కకి వాల్చాం. వెనక చెక్క డబ్ డబ్. బోల్టు తీస్తే తడి రంపప్పొట్టు బయటికొచ్చింది, లేక్ అన్న చెప్పినట్టే. అది మార్చాలి.

బొక్క దగ్గర ఇంకో చిక్కు. లోపల రెండో అడుగు ఉంది, మధ్యలో తేలడానికి థర్మోకోల్ కూరారు. బొక్కలోంచి తెల్లగా కనిపిస్తోంది. లోపల నుంచి చెయ్యి పెట్టడానికి దారి లేదు. బయట నుంచే వేసేయనా?

కాకినాడ_కెమిస్ట్రీ | ఏప్రిల్ 29, సాయంత్రం 6:45

ఆగండి! పాలిస్టర్‌లోని స్టైరీన్ థర్మోకోల్‌ని తినేస్తుంది. నమ్మకం లేకపోతే చిన్న ముక్క మీద రెసిన్ చుక్క వేసి చూడండి.

ఉప్పాడ_అల | ఏప్రిల్ 29, రాత్రి 8:10

వేశాను. వేడి పెనం మీద వెన్నలా పోయింది. తమ్ముడు వీడియో తీసి స్టేటస్ పెట్టుకున్నాడు.

భీమిలి_మేస్త్రి | ఏప్రిల్ 30, ఉదయం 6:15

దానికి దారి ఉంది. కంగారుపడకు. బొక్క చుట్టూ లోపల థర్మోకోల్‌ని నాలుగు వేళ్ల దూరం వరకు కోసి తీసెయ్. విడిగా ఒక గాజు పలక మీద మైనం రాసి రెండు పొరల మ్యాట్‌తో పల్చటి రేకు పోసుకో, బొక్క కంటే అన్ని వైపులా మూడు సెంటీమీటర్లు పెద్దగా. గట్టిపడ్డాక రెండు పక్కలా ఎమరీతో బాగా గీకి మైనం పోగొట్టు. మధ్యలో రెండు సన్న బొక్కలు పెట్టి తీగ గుచ్చు. ఆ రేకుని కొంచెం వంచి, వాల్చి, ఏటవాలుగా బొక్కలోంచి లోపలికి దూర్చు, బొక్క పొడుగు 20 ఉంది కాబట్టి దూరుతుంది, దూరకపోతే రెండు ముక్కలు చెయ్. అంచులకి రెసిన్ పుట్టీ పట్టించి, తీగ పట్టుకుని బయటికి లాగి, అడ్డంగా కర్రముక్క పెట్టి మెలేసి వదిలెయ్. మర్నాటికి అది లోపలి గోడకి అతుక్కుని ఉంటుంది. తీగ కోసెయ్. ఇప్పుడు నీకు వెనక గోడ ఉంది, థర్మోకోల్‌కి పచ్చి రెసిన్ తగలదు.

షార్జా_యార్డ్ | ఏప్రిల్ 30, ఉదయం 10:30

మేస్త్రి గారు 👌 యార్డులో ఇదే చేసేవాళ్లం, తీగ బదులు స్క్రూ పెట్టి లాగేవాళ్లం.

దీనికి ముందు ఒకటి. ఉప్పునీళ్లలో నానిన బోటు అది, మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడిగి ఆరనివ్వు. ఆరిందో లేదో తెలియాలంటే గీకిన చోట పాలిథీన్ కవరు పరిచి నాలుగు వైపులా టేపు వేసి రాత్రంతా ఉంచు. పొద్దున లోపల చెమట పట్టి ఉంటే ఇంకా తడి ఉన్నట్టే. గీకే ముందే ఎసిటోన్‌తో తుడవాలి, గీకాక కాదు. చేపనూనె, డీజిల్ అంటి ఉంటాయి కదా, తుడవకుండా గ్రైండర్ పెడితే వాటిని లోపలికి రుద్దినట్టే. 36 నంబరు డిస్క్ చాలు. మాస్కు పెట్టుకో, ఆ పొడి దురద మూడు రోజులు పోదు.

బందరు_బోటు | ఏప్రిల్ 30, మధ్యాహ్నం 12:15

ఇంకో గొడవ లేపుతాను 😄 ప్యాచ్‌లో మ్యాట్ చిన్న ముక్క ముందా, పెద్ద ముక్క ముందా?

భీమిలి_మేస్త్రి | ఏప్రిల్ 30, మధ్యాహ్నం 12:40

చిన్నది ముందు. గుంట నిండుతుంది. నా గురువు నేర్పింది అదే.

కాకినాడ_కెమిస్ట్రీ | ఏప్రిల్ 30, రాత్రి 8:50

పెద్దది ముందు వేస్తే ఏటవాలు మొత్తానికి ఒకే నిండు పొర అతుక్కుంటుంది, ఆ తర్వాత చిన్నవి. చిన్నది ముందు వేస్తే ప్రతి పొర అంచు మాత్రమే పాత ఫైబర్‌కి తగులుతుంది, చివర్లో చదును చేసేటప్పుడు పెద్ద పొరనే గీకేస్తారు. నా ఓటు పెద్దదానికి. రెండు పద్ధతులతోనూ తిరుగుతున్న బోట్లున్నాయి లెండి.

భీమిలి_మేస్త్రి | ఏప్రిల్ 30, రాత్రి 9:30

గీకేటప్పుడు పెద్ద పొర పోతుందన్న మాట ఆలోచించాల్సిందే మాస్టారూ. ఒక బోటుకి అలా వేసి చూస్తా.

ఉప్పాడ_అల | మే 9, రాత్రి 7:30

పని మొదలుపెట్టాం. ముందు నా తెలివితక్కువతనం చెప్పి నవ్విస్తాను. లోపలి రేకు బాగానే అతుక్కుంది, సంతోషంలో మధ్యాహ్నం రెండింటికి కిలో రెసిన్ ఒకే మగ్గులో కలిపాను, కాటలిస్ట్ 2 శాతం. ఎండ 39 డిగ్రీలు. రెండో పొర పరిచేలోగా మగ్గు వేడెక్కింది, పొగ, ప్లాస్టిక్ మగ్గు వంగిపోయింది, లోపల రెసిన్ పగుళ్లిచ్చి గాజు ముద్దలా అయింది. అదృష్టం, తమ్ముడు కర్రతో ఇసుకలోకి తోసేశాడు. నాన్న ఏమీ అనలేదు, ఆ చూపు చాలు.

షార్జా_యార్డ్ | మే 9, రాత్రి 8:00

అందరం ఒక మగ్గు కాల్చినవాళ్లమే తమ్ముడూ 😂 10 డిగ్రీలు పెరిగితే టైము దాదాపు సగం అవుతుంది. మన నిషేధం సరిగ్గా మండుటెండల్లో వస్తుంది, మరమ్మత్తులన్నీ అప్పుడే. పొద్దున ఐదున్నరకి మొదలుపెట్టి తొమ్మిదికి ఆపెయ్. 300 గ్రాములకి మించి ఒకసారి కలపకు. మగ్గులో ఉంచకు, వెడల్పు ట్రేలో పోసుకుంటే వేడి చేరదు. కాటలిస్ట్ 1 శాతం, అంటే 300 గ్రాములకి 3 గ్రాములు, సిరంజితో తీసుకో. 1 శాతం కంటే దిగొద్దు, అప్పుడు ఎప్పటికీ పూర్తిగా గట్టిపడదు. ఎనిమిది పొరలూ ఒకేసారి కూడా వద్దు, మూడు నాలుగు వేసి చల్లబడనిచ్చి మళ్లీ.

భీమిలి_మేస్త్రి | మే 9, రాత్రి 8:20

ముందు 100 గ్రాములు కలిపి టైము చూసుకుని మొదలుపెట్టు. ప్రతి కొత్త డబ్బాకీ చూడాలి. నాకు ఒక షాపులో ఐసో అని లేబుల్ లేని డబ్బా ఇచ్చారు, రాత్రి గడిచినా జిగురే, గీకి పారేయడానికి రెండు రోజులు పట్టింది. అప్పటి నుంచి పరీక్ష చేయకుండా బోటు మీద వేయను.

ఉప్పాడ_అల | మే 12, ఉదయం 10:10

పరీక్ష చేశాను. 1 శాతానికి పొద్దున ఆరింటికి 22 నిమిషాలు. చక్కగా కూర్చుంది. మాస్టారు చెప్పినట్టు పెద్ద ముక్క ముందు వేశాను, మేస్త్రి గారు కోప్పడొద్దు. మధ్యలో రెండు పొరలు మ్యాట్ బదులు రోవింగ్ వేశాను. రోలర్‌తో బుడగలు తీయడానికి వేసినదానికంటే ఎక్కువ టైము పట్టింది. నిన్న మిగతా పొరలు. ఇవాళ జెల్‌కోట్ కొట్టాను గాని మూడు గంటలైనా వేలికి అంటుకుంటోంది. పాడైందా? టెన్షన్‌గా ఉంది.

కాకినాడ_కెమిస్ట్రీ | మే 12, ఉదయం 10:35

పాడవలేదు. గాలిలోని ఆక్సిజన్ పైపొరని గట్టిపడనివ్వదు. బోటు కట్టేటప్పుడు జెల్‌కోట్ అచ్చు వైపు ఉంటుంది, గాలి తగలదు. మీరు చివర వేశారు కాబట్టి అందులో మైనం ద్రావణం కలపాల్సింది, అది పైకి తేలి గాలిని ఆపుతుంది. ఇప్పుడు జిగురుని ఎసిటోన్ గుడ్డతో తుడిచి, ఎమరీ కొట్టి, మైనం కలిపిన పూత పల్చగా ఇంకోటి వేయండి.

ఉప్పాడ_అల | మే 27, రాత్రి 9:00

జెల్‌కోట్ గట్టిపడింది. వెనక చెక్క అయిపోయింది. కుళ్లిందంతా ఉలితో తీస్తే రెండు బస్తాలు. మెరైన్ ప్లైవుడ్ రెండు పలకలు ఎపాక్సీతో అంటించి, చుట్టూ అంచులకి కూడా పూసి, లోపల కూర్చోబెట్టి క్లాంపులు బిగించాం. పైన నేసిన గుడ్డ, ఎపాక్సీ. మొదటి పూత గట్టిపడ్డాక పైన మైనంలా జారుడుగా పొర కనిపించింది, నీళ్లు, స్క్రబ్బర్‌తో కడిగి ఎమరీ కొట్టాను, ఎక్కడో చదివాను అది హార్డనర్ వల్ల వస్తుందని. బోల్టు బొక్కలు కావాలనే పెద్దవి పెట్టి ఎపాక్సీతో నింపి మళ్లీ సరైన సైజులో తొలిచాను. చేతికి గ్లౌజులు లేకుండా ఒక రోజు చేశాను, మణికట్టు దగ్గర దద్దుర్లు.

లేక్_డాలస్ | మే 27, రాత్రి 10:15

గ్లౌజులు లేకుండా ఇంకెప్పుడూ ముట్టుకోవద్దు. ఎపాక్సీ ఎలర్జీ ఒకసారి పట్టుకుంటే జీవితాంతం వదలదు, నా ఫ్రెండ్‌కి ఇప్పుడు వాసన తగిలినా ముఖం వాస్తుంది. తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి. మిగతా పని మాత్రం బ్రహ్మాండం.

బందరు_బోటు | మే 28, ఉదయం 7:00

వెనక చెక్క దగ్గర లోపలి పక్క "ఎపాక్సీ" అని పెయింట్‌తో పెద్దగా రాయి, తేదీ వెయ్యి. తర్వాత వచ్చే మేస్త్రి చూసుకుంటాడు.

ఉప్పాడ_అల | జూన్ 16, రాత్రి 8:45

నిన్న తెల్లవారుజామున దింపాం. నాన్న రెండుసార్లు అడుగు పలక ఎత్తి చూశాడు, పొడిగానే ఉంది. "ఎపాక్సీ" అని రాశాను, పక్కన మా చెల్లి చేప బొమ్మ వేసింది.

కిలోన్నర ఐసో మిగిలింది, మార్చిలో తయారైంది. నీడలో పెట్టాను గాని వచ్చే నిషేధం వరకు ఉండదు కదా. కాకినాడ చుట్టుపక్కల ఎవరికైనా కావాలా? డబ్బులొద్దు.

భీమిలి_మేస్త్రి | జూన్ 16, రాత్రి 9:05

గురువారం పెరుమాళ్లపురం వైపు పనికి వస్తున్నా. ఉంచు. ఆ ప్యాచ్ కూడా చూసి పోతా, పెద్ద ముక్క ముందు వేసింది ఎలా కూర్చుందో.